సముద్రం రెండడుగులు దిగిన ఆదివారం

నల్లగొండ జిల్లా హాలియల, సాగర్ రోడ్డు మీద యాదమ్మ చాయ్ హోటల్ ఉంది. దాన్ని ఆనుకొనే ఐలేశం మోటర్ వైండింగ్ షాపు. రెండిటి నడుమ ఒక్క రేకు గోడ. ముప్పై ఏండ్ల సంది చుట్టుపక్కల ఊర్ల బోరు మోటర్లు కాలితే ఐలేశం దగ్గరికే వస్తయి. చేతులు రాగితీగె చుడుతుంటే ఆయన నోరు ముచ్చట చుడుతుంటది. మోటర్ తయారయ్యేలోపు ముచ్చట ఎంత పెద్దగైతదంటే, రైతు మోటర్ మర్చిపోయి ముచ్చట ఎత్తుకొని ఇంటికి పోతడు.

ఐలేశం భార్య సాలమ్మ. చేనుల పని లేని పొద్దు వచ్చి హోటల్ల పొయ్యి వెనుక యాదమ్మకు తోడు కూసుంటది. మొగని కోతలు ఆమెకు కొత్త గాదు. ఏ కోతల ఎంత నిజముందో, ఎంత నీళ్లు కలిపిండో ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెల్వదు. అయినా ఎన్నడూ నోరు తెరవలే. ఎందుకంటే ఆమెకు కూడ ఆ కోతలు ఇష్టమే. వరుసగ మూడేండ్లు వానల్లేక పంట పోయిన కాలంల కూడ ఇంట్ల నవ్వుకు కరువు రానియ్యని మనిషాయె.

ఆ సోమవారం సాయంత్రం సన్నగ వాన పడుతుంది. సాలమ్మ బజ్జీలకు మిరపకాయలు కోస్తుంది. ముందు బల్ల మీద బత్తాయి తోట కాటమయ్య, ఆటో నడిపే సైదులు కూసున్నరు. కాటమయ్యకు డెబ్బై దాటినయి. ఆయన చూసిన పెద్ద నీళ్లంటే నాగార్జునసాగర్ డ్యాం ఒక్కటే.

"అన్నా, నిన్న షాపు బంద్ పెట్టినవేంది?" సైదులు అడిగిండు.

ఐలేశం వెంటనే చెప్పలే. అడగంగనే చెప్తే అది ఖబర్ అయితది గానీ ముచ్చట ఎట్లయితది? చాయ్ గ్లాసు అందుకున్నడు, ఊదిండు, ఒక గుక్క తాగిండు, వాన దిక్కు చూసిండు.

"ఏం లేదు తమ్మీ. గట్ల జర సముద్రం దాక పోయొచ్చిన."

కాటమయ్య తల ఎత్తిండు. "సముద్రం దాకనా? ఒక్కరోజులనా?"

"ఏముంది మామా, మా గోపీకృష్ణ లేడా, సాలమ్మ అన్న కొడుకు, వాడు కారు కొన్నడు. అత్తా, మామా, ముందుగాల మీరే ఎక్కాలె, యాడికి పోదామో చెప్పుండ్రి అన్నడు. యాదగిరిగుట్టకా, శ్రీశైలమా అని వాడు అంటుండు. నేనన్న, అల్లుడా, గుట్టలు పుట్టినకాడి నుంచి చూస్తనే ఉన్నం, ఒక్కసారి కంటినిండ నీళ్లు చూపియ్యి అన్న. గంతే! తెల్లారకముందే బయలెల్లినం. మిర్యాలగూడ, వాడపల్లి బ్రిడ్జి, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట, బాపట్ల పక్కకెల్లి ఇంకింత ముందుకు పోతే గవ్వలపాలెమని ఊరు."

కంటినిండ నీళ్లు చూపియ్యమన్నది సాలమ్మ. ఐలేశం యాదగిరిగుట్టకే పోదామన్నడు, ఆడ పులిహోర బాగుంటదని. సాలమ్మ ఇంకో మిరపకాయ చీల్చింది. పోనీ తియ్యి, ఇన్నేండ్ల కాపురంల ఎవరి మాట ఎవరన్నా ఒకటే అనుకున్నది.

"ఊరెట్లుంది?" యాదమ్మ అడిగింది.

"అబ్బ, ఊరంటే గది ఊరు యాదక్కా! తొవ్వలన్నీ ఇసుకే. చెప్పులిడిసి నడిస్తే జొన్నపిండిల నడిచినట్టుంటది. మన ఇండ్ల ముందట ట్రాక్టర్లు పెట్టుకున్నట్టు ఆడ పడవలు పెట్టుకుంటరు, నీలం రంగొకటి, పసుపు రంగొకటి, పెండ్లికూతుండ్ల లెక్క. ఎటు చూసినా సరుగుడు చెట్లు, గాలొస్తే ఊకె గుసగుస పెడుతనే ఉంటయి. ఇగ మనుషులంటవా, ఏం మర్యాద, ఏం మర్యాద! అందరు అండీ అంటరు. కోడి వడ్ల మీద పడితే కూడ 'పోండి' అంటరేమో అనిపించింది నాకు."

సాలమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఇంతవరకు మంచిగనే ఉంది. కోడి దగ్గర తప్ప.

"సరే, సముద్రం సంగతి చెప్పు," అన్నడు కాటమయ్య. "సాగర్ డ్యాం కన్న పెద్దగుంటదా?"

"మామా! డ్యాం గేట్లన్నీ ఎత్తి ఉన్న నీళ్లన్నీ దాంట్ల పోసినవనుకో, సముద్రం తిరిగి చూసి, ఎవరో చెయ్యి కడిగిండ్రు అంటది."

కాటమయ్య గ్లాసు కిందపెట్టిండు. ఐలేశం బల్ల మీద కాళ్లు మడిచి కూసున్నడు. ఆయన కాళ్లు మడిచిండంటే అసలు కథ మొదలైనట్టు.

"నేను ఆడికి పోయింది జర ఆరాముగ తిరిగి వద్దామని. పని చేద్దామని గాదు. కానీ చేతిల పనున్నోణ్ణి పని యాడ ఇడుస్తది? ఒడ్డు మీద ఒకాయన పడవ ఇంజను ముందట కూసోని తలకాయ పట్టుకున్నడు. గుంటూరు నుంచి మెకానిక్‌లు వచ్చి చూసి పోయిండ్రట, ఎవనికీ చేతగాలే. నేను దగ్గరికి గూడ పోలే. ఇరవై అడుగుల దూరం నిలబడి చెవి పెట్టి విన్న. తప్పు యాడుందో దొరికింది."

"ఆగిపోయిన ఇంజన్ల ఏం ఇనవస్తదిరా?" కాటమయ్య అన్నడు.

"గదే మామా, వాళ్లకూ నాకూ తేడా. నడిచే ఇంజను ఎవడైనా వింటడు!"

సైదులు తొడ మీద కొట్టుకొని నవ్విండు. యాదమ్మ చాయ్ వడపోసుడు మరిచి నిలబడ్డది.

"సాలమ్మ కొంగుకున్న పిన్నీసు తీసుకొని లోపల ఒక్క తిప్పు తిప్పిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఇంజను లేచింది సూడు, పడవల నేను, ఆ పడవాయన, ఇద్దరమే, అల ఒకటి మా ముందట లేచింది, దాన్ని దాటినం, ఇంకోటి లేచింది, దాన్ని దాటినం, ఎనకకు తిరిగి చూస్తే ఆ రెండు అలలు మా ఎంట ఆయాసపడుకుంట వస్తున్నయి. పడవాయన, ఏవండీ జర మెల్లగండీ అంటుండు. నేను మెల్లగనే పోతున్న, అది రెండో గేరే. గంతల నా జేబుల ఫోను టింగుమన్నది. తీసి చూస్తే ఏముంది? 'శ్రీలంకకు స్వాగతం'!"

"తెలుగుల వచ్చిందా అన్నా?" సైదులు కండ్లు పెద్దగ చేసిండు.

"మరి? వచ్చేది ఐలేశమని తెలిసినంక తెలుగుల గాక ఏంట్ల పంపుతరు?"

ఈసారి యాదమ్మ కూడ పకపక నవ్వింది. రోడ్డు మీద పోయే ఇద్దరు ముగ్గురు వాన సాకుతోని రేకుల కిందికి వచ్చి నిలబడ్డరు. వినేటోళ్లు పెరిగిన కొద్దీ ఐలేశం గొంతు పెరిగింది.

"ఎనకకు మళ్లినం. మళ్లంగనే పడవ టక్కున ఆగింది. ఇంజను నడుస్తుంది, పడవ కదలదు. వంగి చూస్తే చేప! చేపంటే మీరు మిర్యాలగూడ మార్కెట్ల చూసే చేప గాదు. ఆర్టీసీ బస్సంత ఉంది. పల్లెవెలుగు గాదు మల్ల, సూపర్ లగ్జరీ. పడవ తాడు నోట్ల పట్టుకొని గుంజుతుంది. పడవాయన దేవునికి మొక్కుకుంటుండు. నేను మెల్లగ వంగి దాని చెవిల ఒక్క మాట అన్న."

"చేపకు చెవులుంటయా?" యాదమ్మ అడిగింది.

"గంత పెద్ద దానికి లేకుంటే ఎట్ల యాదక్కా?"

"ఏమన్నవు?"

"'ఏందే, ఎవరనుకున్నవ్, మేము నల్లగొండోళ్లం' అన్న. అంతే. తాడు ఇడిసిపెట్టింది. ఊకె ఇడిసిపెట్టలే, ముక్కుతోని పడవను ఒడ్డు దాక నూకుకుంట తెచ్చింది. తెచ్చి, తోక ఎత్తి నమస్తే పెట్టి పోయింది."

పొయ్యి వెనుక సాలమ్మకు నవ్వు ఆగలే. కండ్లల్ల నీళ్లు తిరిగినయి, మిరపకాయ చేతులతోని తుడుచుకోవద్దని మోచేతితోని తుడుచుకున్నది. చేపకు నమస్తే పెట్టించుడు ఆయనకే చెల్లుతది.

"ఒడ్డు మీదికి వచ్చేసరికి ఊరు ఊరంతా నిలబడ్డది. ఊరి పెద్దమనిషి ముందుకొచ్చి, అయ్యగారూ, మీ చేతిల ఇంత విద్య ఉన్నది, మాకొక బాధ ఉన్నది, సముద్రం ఏడాదికింత ఊర్లకు వస్తుంది, పది కొబ్బరిచెట్లను మింగింది, మీరే ఏదైనా చెయ్యాలె అన్నడు. నాకు నవ్వొచ్చింది. నేనన్న, అయ్యా, మీకు నీళ్లెక్కువై బాధ, మాకు ఎనిమిది వందల అడుగుల బోరు పొడిస్తే గుక్కెడు రాక బాధ, పంచుకుంటే అయిపోయేదానికి ఇంత రంధెందుకు? ఒక మోటర్ తెప్పియ్యి అన్న. రొయ్యల చెరువుల కాడ కాలిపోయిన మోటరొకటి పడేసిండ్రు. ఇరవై నిమిషాలల్ల తీగె చుట్టిన. పైపు సముద్రంల ఏసిన. స్విచ్ ఒత్తిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

రేకుల మీద వాన చప్పుడొక్కటే.

"అర్ధగంటల సముద్రం రెండడుగులు దిగింది!"

"ఓరి నీ..." అన్నడు కాటమయ్య.

"ఇసుక బయటపడ్డది. ఎప్పుడో స్నానాలకు పోయి పోగొట్టుకున్న కమ్మలు, ముక్కుపుడకలు ఆడోళ్లు కొంగుల ఏరుకుంటున్నరు. ఒక ముసలామె తన పెండ్లినాటి మెట్టె దొరికిందని నా చేతులు పట్టుకొని ఏడ్చింది. ఇంక దించుదునా అని అడిగిన. వద్దండీ, చేపలకు మోకాళ్ల దాకనన్నా ఉంచుండ్రి అన్నరు."

"గది సరే," కాటమయ్య ముందుకు వంగిండు, "గా తోడిన నీళ్లు యాడ పోసినవ్?"

అందరు ఐలేశం దిక్కు చూసిండ్రు. దొరికిండురా అనుకున్నరు. ఐలేశం తొందరపడలే. చాయ్ చివరి గుక్క తాగి గ్లాసు బోర్లించిండు.

"యాడ పోస్త మామా? పరాయి జాగాల పోస్తనా? పైపు మన దిక్కు తిప్పిన. నిన్న సాగర్ ఎడమకాలువల నీళ్లు పెరగలేదా?"

"నిన్న కాలువ బంద్ ఉండెనే అన్నా," సైదులు అన్నడు.

"అయితే నడుమల్నే ఆవిరైనయి. మరి గిప్పుడు పడుతున్న వాన ఏందనుకుంటున్నవ్?"

అందరు ఒక్కసారి బయటికి చూసిండ్రు. వాన రేకుల అంచుల మీదికెల్లి దారాల్లెక్క జారుతుంది. సైదులు చెయ్యి బయటికి చాపి రెండు చుక్కలు పట్టి నాలిక మీద ఏసుకున్నడు.

"ఉప్పగ లేదన్నా."

"ఉప్పు కిందనే ఉంటది తమ్మీ. ఆవిరితోని ఉప్పు ఎగురుతదా? పదో తరగతి చదివినోనివి, గింత తెల్వదా?"

రేకులు ఎగిరిపోయేటట్టు నవ్విండ్రు. కాటమయ్య దగ్గొచ్చేదాక నవ్విండు. వాన కోసం నిలబడ్డోళ్లు వాన మరిచిపోయిండ్రు. ఐలేశం మొహం వెలిగిపోయింది.

అప్పుడు యాదమ్మ, బజ్జీల గిన్నె పొయ్యి మీద పెట్టుకుంట, ఊకె అడిగినట్టు అడిగింది. "నువ్వు ఇన్ని చేసినవు గదా, మరి మా సాలమ్మ ఏం జేసింది ఆడ?"

ఐలేశం జర ఆగిండు. కథల సాలమ్మకు జాగ పెట్టలే ఆయన. పిన్నీసు ఒక్కటి తీసుకున్నడు, మనిషిని యాడ నిలబెట్టాలెనో చూసుకోలే. కానీ నోరు ఆగే నోరు గాదు.

"సాలమ్మనా? ఏం జేస్తది పాపం! సముద్రం చప్పుడు వినంగనే దడుసుకున్నది. కారు దిగనే దిగలే. అద్దాలు పైకి ఎక్కించుకొని, సీటు ఎనకకు వాల్చుకొని పండుకున్నది. నేను మూడుసార్లు పోయి లేపిన. లెవ్వలే. సముద్రం దాక పోయి గూడ కాలు తడవకుండ వచ్చిన మనిషి హాలియల ఎవరన్నా ఉన్నరంటే మా ఆమెనే!"

మల్ల నవ్విండ్రు. ఈసారి సాలమ్మ నవ్వలే.

ఇంజను పోనీ. శ్రీలంక పోనీ. చేప పోనీ, సముద్రాన్ని తోడితే తోడనీ, అది ఎవరిది గాదు. కానీ నిన్నటి ఆదివారం ఆమెది. యాభై రెండేండ్ల బతుకుల అసొంటి రోజు ఇంకోటి లేదామెకు. రాత్రి కండ్లు మూస్తే కూడ కాళ్ల కింద ఇసుక కదులుతున్నట్టే ఉండె. దాన్ని ఆమె దగ్గర్నుంచి తీసి, దాని బదులు నిద్ర ఇచ్చిండు ఆయన. ఆ నిద్ర కూడ ఆమెది గాదు, ఆయనదే.

కత్తి పీట పక్కకు పెట్టింది. చేతులు కడుక్కున్నది. ముందటికి వచ్చి కాటమయ్య పక్కన బల్ల మీద కూసున్నది. అట్ల ఆమె ఎన్నడూ ముందు బల్ల మీద కూసోలే. నవ్వులు ఒక్కొక్కటే ఆగినయి.

"పండుకున్నది ఎవరయ్యా?" మెల్లగనే అడిగింది.

ఐలేశం చూపు బోర్లించిన గ్లాసు మీద పడ్డది.

"మామా, నేను చెప్త వినుండ్రి," సాలమ్మ కాటమయ్య దిక్కు తిరిగింది. "ఊర్ల దిగంగనే ఒకామె ఇంట్ల అన్నం పెడతదంటే పోయినం. పొద్దుగాల పదిన్నర అయితుందేమో. చేపల పులుసు పెట్టింది. గీయన తిన్నడు. మల్ల పెట్టించుకొని తిన్నడు. ఆమె నవ్వుకుంట ఇంకింత ఏసింది. ఇంటెనుక సరుగుడు చెట్ల కింద నులక మంచం ఉంది. ఐదు నిమిషాలు నడుము వాల్చుత అన్నడు. వాల్చిండు. సాయంత్రం నాలుగున్నర దాక వాల్చిండు."

"ఆరు గంటలా!" సైదులు గట్టిగ అన్నడు.

"నేను మూడుసార్లు లేపిన. ఒకసారి ఏమన్నడో చెప్పనా? 'సముద్రం యాడికి పోతదే, ఉంటది తియ్యి' అన్నడు. గురక చూసి ఆ ఇంటి కోళ్లు మంచం చుట్టూ తిరిగినయి గానీ దగ్గరికి రాలే."

యాదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. కాటమయ్య భుజాలు ఊగుతున్నయి. ఐలేశం చెవులు ఎర్రగైనయి.

"మరి నువ్వు పోయినవా బిడ్డా?" కాటమయ్య అడిగిండు.

"పోయిన మామా. గోపీకృష్ణ కారు కాడనే ఉన్నడు. అన్నం పెట్టినామె మొగనికి సద్ది ఇచ్చి రావాలె, రా అక్కా అన్నది, ఆమెతోని పోయిన. ఇసుక దిబ్బ ఎక్కినం. ఎక్కంగనే..." సాలమ్మ ఆగింది. మాట కోసం వెతికింది. మొగని లెక్క ఆమెకు మాటలు తయారుగ ఉండవు. "ఎక్కంగనే అటు పక్క ఏమీ లేదు మామా. చేను లేదు, గుట్ట లేదు, ఊరు లేదు. నీళ్లే. దాని చివర యాడుందో అని చూస్తనే నిలబడ్డ. ఆమె నవ్వి చెయ్యి పట్టుకొని కిందికి తీస్కపోయింది."

"భయం కాలేదా?" యాదమ్మ అడిగింది.

"అయింది. చప్పుడు రైస్ మిల్లు చప్పుడు లెక్క ఉంటదక్కా, ఆగదు. అల వచ్చి కాళ్లకు తాకి తిరిగి పోతుంటే కాళ్ల కింది ఇసుకను గుంజుకపోయింది. నన్నే గుంజుతుందనుకొని అరిచిన. దబ్బున కూలబడ్డ. చీర మొత్తం తడిసింది. లేద్దామంటే ఇంకో అల వచ్చి మల్ల కూసోబెట్టింది. ఇగ లెవ్వలే. గట్లనే కూసోని నవ్విన. ఎందుకు నవ్వుతున్ననో నాకే తెల్వదు. ఆడున్నోళ్లు కూడ నన్ను చూసి నవ్విండ్రు."

ఐలేశం తల ఎత్తి భార్య మొహం దిక్కు చూస్తుండు.

"తర్వాత ఒడ్డున నిలబడి పెద్ద వల గుంజుతున్నరు. ఆడోళ్లు, మొగోళ్లు, ఇటు ఇరవై మంది, అటు ఇరవై మంది. నేను ఊకె చూస్తుంటే, రా అమ్మా, ఓ చెయ్యి వెయ్యి అన్నరు. తాడు పట్టిన. బాయిల నుంచి నీళ్లు చేదిన చేతులు గదా, పట్టు తెలుసు. గంట సేపు గుంజిన. వల వచ్చేసరికి వెండి పోసినట్టు చేపలు ఎగురుతున్నయి. తాడు పట్టినోళ్లందరికీ వాటా అంట. నాకు కూడ పెట్టిండ్రు. అయ్యో నాకెందుకు, నేను సుట్టం చూపుగ వచ్చినదాన్ని అంటే, తాడు పట్టినవా లేదా అన్నరు. కొంగుల పోసిండ్రు."

రెండు చేతులు తెరిచి చూపించింది. అరచేతుల మీద తాడు రాసుకున్న గీతలు ఇంక ఎర్రగనే ఉన్నయి. యాదమ్మ వంగి చూసింది. కాటమయ్య చూసిండు. సైదులు చూసిండు.

"ఇయ్యన్నీ నీకెందుకు చెప్పలేదో తెలుసా?" సాలమ్మ ఇప్పుడు ఐలేశం దిక్కు తిరిగింది. ఆమె గొంతుల కోపం లేదు. "నువ్వు అడుగుతవేమో అని చూసిన. కారెక్కినకాడి నుంచి వాడపల్లి బ్రిడ్జి దాక చూసిన. నువ్వు ఒక్క మాట అడగలే. సిగ్గుపడుతున్నవేమోలే అని ఊకున్న. ఇయ్యాల వచ్చి నా సముద్రాన్ని నువ్వు తీసుకొని నీ నిద్ర నాకిచ్చినవ్."

పొయ్యి మీద నూనె చిటపటమంటుంది. ఇప్పుడు ఏం మోటర్ పెట్టి ఎట్ల తప్పించుకుంటడో అని అందరు ఐలేశం నోటి దిక్కు చూస్తున్నరు. ఐలేశం మడిచిన కాళ్లు కిందికి దించిండు. భార్య అరచెయ్యి తన దిక్కు లాక్కొని, తీగె మందం చూసినట్టు ఆ ఎర్రటి గీత మీద బొటనవేలుతోని రాసిండు. తర్వాత చుట్టూ మనుషులున్నరన్న సోయి లేకుండ, మెల్లగ అడిగిండు.

"ఏమే... నీళ్లు సల్లగుంటయా?"

మొదలు కాటమయ్య నవ్విండు.

"ఓరి! అర్ధగంటల సముద్రాన్ని రెండడుగులు దించినోడు, నీళ్లు సల్లగుంటయా అని పెండ్లాన్ని అడుగుతుండురో!"

హోటల్ హోటలంతా కూలిపోయేటట్టు నవ్విండ్రు. సైదులు బల్ల మీది నుంచి జారి కింద కూసున్నడు. యాదమ్మ బజ్జీలు మాడుతున్నయని కూడ చూసుకోలే. ఐలేశం ముందుగాల తెల్లమొహం వేసిండు, తర్వాత తను అన్నది తనకే ఇనవడి, అందరికన్న గట్టిగ నవ్విండు. నవ్వుకుంట కూడ భార్య చెయ్యి ఇడవలే.

"చెప్పే. నిజంగనే అడుగుతున్న."

సాలమ్మకు కూడ నవ్వొచ్చింది. "మొదలు సల్లగుంటయి," అన్నది. "కూలబడ్డంక తెల్వదు. వచ్చే ఆదివారం పోదాం, నువ్వే చూద్దువు. కానీ ఈసారి ముందుగాల సముద్రం, తర్వాతనే అన్నం."

"కార్ల నాకు జాగ ఉంటదా బిడ్డా?" కాటమయ్య అడిగిండు. ఐలేశాన్ని గాదు, సాలమ్మను అడిగిండు.

"ముందు సీటు నీదే మామా," అన్నది సాలమ్మ. "ఎనక సీట్ల గీయన పక్కన నేను కూసుంట. కండ్లు మూసినప్పుడల్ల గిచ్చుకుంట తీస్కపోవాలె గదా."